మెరిసే బ్యాక్టీరియా సాక్ష్యం చెల్లుతుందా?

2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ జీవసాంకేతిక తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానానికి ఆమోదం తెలిపాక, సూక్ష్మజీవులను పెంచే పెద్ద ట్యాంకుల, అంటే ఫెర్మెంటర్ల మాట మళ్లీ జోరందుకుంది. పాత తగువు కూడా దాని వెంటే వచ్చింది. ల్యాబ్‌లో రెండు లీటర్ల పాత్రలో చక్కగా పెరిగిన ఈ.కోలి బ్యాక్టీరియా, వేల లీటర్ల ట్యాంకులోకి వెళ్లగానే దిగుబడి ఎందుకు తగ్గిస్తుంది? జవాబు ట్యాంకు గోడకు బిగించిన కొలత పరికరాలు, ప్రోబ్‌లు, చెబుతాయన్నది ఒక పక్షం. పరిస్థితిని బట్టి మెరిసేలా మార్చిన కణాలనే అడగాలన్నది రెండో పక్షం.

జెల్లీఫిష్‌లో పచ్చగా మెరిసే ప్రోటీన్ జీఎఫ్‌పీ దొరకడం, దానికి 2008లో నోబెల్ రావడం చాలామందికి తెలిసిన కథే. నేటి తగువుకు మూలం 1998లో ఉంది.

ఆ ఏడాది స్వీడన్ పరిశోధకులు 12 ఘనమీటర్ల ఫెర్మెంటర్‌లో ఈ.కోలిని పెంచిన ఫలితాలు ప్రచురించారు. ఫీడ్ పడే చోట గ్లూకోజ్ ఎక్కువ, దూరంగా తక్కువ. పంక్తి భోజనంలో మొదటి విస్తట్లోనే అంతా కుమ్మరించినట్టన్న మాట. ఎక్కువ దొరికిన కణాలు అసిటేట్ అనే వ్యర్థాన్ని వదులుతాయి, మిగతావి పస్తులుంటాయి. మొత్తంగా కణాల దిగుబడి పడిపోయింది.

అదే 1998లో డెన్మార్క్‌లో మరో పని జరిగింది. అప్పట్లో ఈ రెండింటికీ పొత్తు ఉందని ఎవరికీ తట్టి ఉండదు. మామూలు జీఎఫ్‌పీ ఒకసారి తయారైతే రోజుకు పైగా చెక్కుచెదరదు. ఆకలి వేస్తే జీఎఫ్‌పీ తయారుచేసేలా మార్చిన కణం గంట క్రితం మెరిస్తే, ఇప్పుడు కడుపు నిండినా అలాగే మెరుస్తుంది. విభజన జరిగి పలచబడితే తప్ప వెలుగు తగ్గదు. డేనిష్ బృందం ఆ ప్రోటీన్ చివర ఒక చిన్న తోక తగిలించింది. కణంలోని ఎంజైములు ఆ తోకను గుర్తుపట్టి ప్రోటీన్‌ను కరిగించేస్తాయి. ఉన్న ప్రోటీన్‌లో సగం కరగడానికి పట్టే సమయం, రకాన్ని బట్టి, ఒకదాంట్లో 40 నిమిషాలకు, మరోదాంట్లో కొన్ని గంటలకు దిగింది. పోషకాల హెచ్చుతగ్గులు కనిపెట్టడానికి జీఎఫ్‌పీ నిజంగా పనికొచ్చింది అప్పటినుంచే.

ఈ రెండు దారులూ బెల్జియంలో, జాంబ్లూ పట్టణంలోని ఫ్రాంక్ డెల్విన్ బృందం దగ్గర కలిశాయి. ఒత్తిడికి స్పందించే ఆర్‌పీఓఎస్ జన్యువు ప్రమోటర్‌కు, అంటే ఆ జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ స్విచ్‌కు, జీఎఫ్‌పీ జోడించి, ట్యాంకులో ద్రవం సరిగా కలవనప్పుడు దాని చురుకుదనం మారుతుందని 2009లో చూపించారు. వాళ్లు పెద్ద ట్యాంకు కట్టలేదు. చిన్న రియాక్టర్‌కు ఒక గొట్టం తగిలించి, కణాలను దాని గుండా తిప్పి, పెద్ద ట్యాంకులోని అవస్థను చిన్నదాంట్లోనే కల్పించారు. శాంపిల్‌ను ఫ్లో సైటోమీటర్‌లో పెడితే కణాలు ఒక్కొక్కటే లేజర్ ముందుకొస్తాయి. సగటు అంకె కాదు, ఏ కణం ఎంత మెరిసిందో మొత్తం పంపిణీ తెరమీద కనిపిస్తుంది. 2011లో ఇంకో సంగతి బయటపడింది. కణాల పొర వదులై జీఎఫ్‌పీ బయటి ద్రవంలోకి కారుతోంది. అది కొలతకు తలనొప్పే. కానీ ఆ కారడాన్నే వాళ్లు సమాచారంగా వాడుకున్నారు. 2013లో తోక ఉన్న జీఎఫ్‌పీతో పెరుగుదల వేగాన్ని చూపే సెన్సర్లూ తెచ్చారు.

ప్రోబ్‌ల పక్షాన ఉన్న ఇంజనీర్ల అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. గ్లూకోజ్ సెకన్లలో మారుతుంది, జీఎఫ్‌పీ వెలుగు రావడానికి నిమిషాలు పడుతుంది, పైగా దానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అక్కర్లేని మెరుపు ప్రోటీన్లు 2007లోనే వచ్చాయి. వేగం సమస్య మాత్రం ఇంకా అలాగే ఉంది. అయితే గోడకు బిగించిన ప్రోబ్ ఒక్క చోటే చూస్తుంది, కణం ట్యాంకంతా తిరిగొస్తుంది. మందు బ్యాచ్‌లో ఈ మెరిసే రకాన్ని వేయాల్సిన పనీ లేదు, ముందస్తు పరీక్షల్లో వాడితే చాలు. ఈ రెండు సంగతులూ వాదనలో ఎందుకో వెనకబడిపోతుంటాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైంది. బ్యాక్టీరియా కోసం చేసిన ఆ తోక ఈస్ట్‌లో పనిచేయదు. ఈస్ట్‌కు పనికొచ్చే వేరే తోక 2000లో వచ్చింది. ఏ కణంతో పని చేయబోతున్నారో తేలకుండా సెన్సర్ గురించి వాదించుకోవడం దండగ.