పల్లికాయ ఒలిచి చూడుండ్రి

చిన్నీ, పెద్దోడా,

హ్యారీ పాటర్ ఆరో పుస్తకం అయిపోయిన కాడికెల్లి మీ ఇద్దరికీ మాటలు లేవట. మంత్రాల బడి పంతులు స్నేప్ ఆ బడి పెద్దసారు డంబుల్‌డోర్ మనిషే అని చిన్ని, కాదు దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ మనిషని పెద్దోడు. "తాతా, నువ్వు ఏడోది గూడ చదివినవు గదా, తేల్చు" అంటున్నరు. తేల్చను. ఆరోది 2005 జూలై 16న వచ్చింది, ఏడోది 2007 జూలై 21న. ఆ రెండేండ్ల అయిదు రోజులు లోకమంతా ఇదే పంచాయితీ. మీకు రెండు రోజులకే ఆగుతలేదా?

పంచాయితీ ఎట్ల చేయాల్నో మాత్రం చెప్త. బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ కొనేటోడు బస్తా మూతి కాడి కాయ చూసి ధర కట్టడు. పైన ఎవడైనా మంచి కాయే పోస్తడు. నడుమ నుంచి, అడుగు నుంచి తీస్తడు. చెవి కాడ ఆడిస్తడు, గలగలమంటే ఎండినట్టు. 100 గ్రాములు తూకమేసి, ఒలిచి, వట్టి గింజలనే మళ్ల తూస్తడు. 70 గ్రాములొస్తే మంచి సరుకు. పొట్టు లెక్కలకు రాదు.

మీరు పొట్టు కాడనే కొట్లాడుతున్నరు. జిడ్డు జుట్టు, కొక్కెం ముక్కు, నల్ల అంగీ, అంతా పొట్టే. "డంబుల్‌డోర్ నమ్మిండు గదా" అన్నది గూడ పొట్టే చిన్నీ, అవతలాయన గూడ నమ్మిండు మరి. రెండిండ్ల తిరిగే వేగు ఇద్దరికీ నమ్మకం పుట్టించాలె, ఇద్దరికీ కొంత కబురు మోయాలె. ఏ దిక్కోడైనా గట్లనే చేస్తడు అనిపించేదంతా పక్కకు పెట్టుండ్రి. ఒక్క దిక్కుకే అతికేది గింజ.

మొదటి పుస్తకంల చీపుర్ల మీద ఎగురుకుంట ఆడే ఆట యాదికి తెచ్చుకోండ్రి. హ్యారీ చీపురు ఎగిరెగిరి పడుతుంటే స్నేప్ రెప్పేయకుండ చూస్కుంట గొణుగుతుంటడు. హ్యారీ దోస్తు హెర్మయొనీ పోయి ఆయన అంగీకి నిప్పంటిస్తది, చీపురు కుదురుకుంటది. ఇంకేం, రుజువైంది! కాని ఆ ఉరుకుల ఆమె వోల్డెమార్ట్ దిక్కున్న ఇంకో పంతులు క్విరెల్‌ను గూడ తాకి పడేసింది. చెడు మంత్రం క్విరెల్‌ది, స్నేప్ గొణిగింది విరుగుడు. ఈ మాట చెప్పింది క్విరెలే. పగోడి నోట వచ్చిన సాక్ష్యం గాబట్టి ఇది నిండు గింజ.

పెద్దోడి దిక్కు గూడ గింజ ఉంది. వోల్డెమార్ట్‌ను ఓడించేటోడు పుడతడన్న జోస్యం సగం విని వోల్డెమార్ట్‌కు మోసింది స్నేపే, హ్యారీ అమ్మానాయినల చావు అక్కడ మొదలైంది. చిన్ని దీన్ని దాటేస్తుందట. దాటేయొద్దు బిడ్డా. నెవిల్ అనే పిల్లగాణ్ని స్నేప్ క్లాసుల ఏడిపించిన ముచ్చట వేరే, గింజ నిండుగ ఉన్నా చేదుండొచ్చు. చేదు రుచి సంగతి, బరువు సంగతి కాదు.

ఇగ బస్తా అడుగుకు పోదాం. ఆరో పుస్తకం, రెండో అధ్యాయం. వోల్డెమార్ట్ మనిషి బెల్లాట్రిక్స్ అడిగినవాటికన్నిటికి స్నేప్ నున్నగ జవాబులు చెప్పిండు, అది పొట్టు. తర్వాత బెల్లాట్రిక్స్ చెల్లె నార్సిస్సా చెయ్యి పట్టుకుని మూడు మాటలియ్యాలె. నార్సిస్సా కొడుకు డ్రాకోను కనిపెట్టుకోవాలె, ఆపద రాకుండ కాపాడాలె, వోల్డెమార్ట్ అప్పజెప్పిన పని వాడితోని కాకపోతే తనే చేయాలె. మూడోది అడుగుతుంటే ఆయన చెయ్యి ఆమె చేతిల ఒక్కసారి అదిరింది. గుంజుకోలేదు గాని అదిరింది. ఎందుకు?

అదే పుస్తకంల బడి కాపలాదారు హాగ్రిడ్ చెవిన పడ్డ స్నేప్, డంబుల్‌డోర్‌ల గొడవ గూడ తూకమెయ్యుండ్రి. తనకిక చేయబుద్ధి అయితలేదని స్నేప్ అంటడు. ఏం పని అది?

మనకు మహాభారతంల నకుల సహదేవుల మేనమామ శల్యుడు లేడా? మర్యాదలకు మోసపోయి దుర్యోధనుని దిక్కు చేరిండు, కర్ణుని రథం తోలుకుంటనే కర్ణుని గుండె నీరు చేసిండు, ఆఖరికి కౌరవులకే సేనాపతై ధర్మరాజు చేతిల పోయిండు. ఆయన ఎవరి మనిషని బాగోతం చూసొచ్చినోళ్లు తెల్లారిందాక కొట్లాడుకునేటోళ్లు. "ఇచ్చిన మాట మనిషి" అనేటోడు ఒక్కడన్నా తేలేటోడు. మీ ఇద్దరి నడుమ గూడ ఆ మూడో జవాబుకు చోటుంచుండ్రి.

గోపురం మీద డంబుల్‌డోర్‌ను చంపేటప్పుడు స్నేప్ ముఖంల అసహ్యం, ద్వేషం కనిపించినయని పెద్దోడు పట్టుపట్టిండట. నిజమే, 27వ అధ్యాయంల గట్లనే ఉంది. ఒక్క అధ్యాయం వెనక్కి తిప్పు. గుహల హ్యారీ ముందే ఇచ్చిన మాట కోసం డంబుల్‌డోర్ నోట్ల విషం లాంటి నీళ్లు బలవంతంగ పోస్తుంటడు, ముసలాయన వద్దంటుంటడు. అక్కడ హ్యారీ మనసు గురించి వాడిన మాటలు వేలు పెట్టి చదువు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకోండ్రి.

చూసినంక ఎవరి తీర్పు వాళ్లు చీటీ మీద రాసి ఆరో పుస్తకంలనే పెట్టుండ్రి. ఏడోది అటక మీద నీలం సంచిల ఉంది, చీటీలు చూపిస్తే మీ అమ్మ దించుతది.

మీ తాత