బావి వేయకముందు ఎంత తెలుస్తుంది? చమురు అన్వేషణ నేపథ్యం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, టైటస్‌విల్ దగ్గర 1859 ఆగస్టులో ఎడ్విన్ డ్రేక్ వేయించిన బావికి 69 అడుగుల లోతుకే చమురు తగిలింది. ఆ చోటు ఎంపికకు పెద్ద శాస్త్రంతో పనిపడలేదు. అక్కడి వాగు నీటిమీద ఎప్పటినుంచో నూనె తెట్టు తేలుతుండేది. ఆ తర్వాత కూడా చాలాకాలం అన్వేషణ అంటే ఇలాంటి ఊటల చుట్టూ తవ్వడమే. అయితే చమురు పైకి ఊరుతోందంటే కింద ఎక్కడో కారిపోతోందన్నమాట. గట్టి మూత కింద భద్రంగా ఉన్న నిల్వ నేలమీద ఏ జాడా చూపకపోవచ్చు. అలాంటిదాన్ని పట్టుకోవడమెలా అన్న ప్రశ్నే తర్వాత వచ్చిన పద్ధతులకు మూలం.

భూమి లోపల చమురు చెరువులేమీ ఉండవు. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్ల సన్నని రంధ్రాల్లో, పగుళ్లలో అది ఇమిడి ఉంటుంది. జీవుల అవశేషాలు నిండిన బురద పొర లోతుకు దిగి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో లక్షల ఏళ్లు మగ్గితే చమురు పుడుతుంది. వేడి అంతకు మించితే వాయువే ఎక్కువ. రాళ్ల రంధ్రాల్లోని ఉప్పునీటికంటే చమురు తేలిక కాబట్టి పైపైకి జరుగుతుంది. షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి), ఉప్పు వంటి చొరనివ్వని పొర అడ్డుపడి, ఆ పొర కమానులా వంగిన చోటో, ఫాల్ట్ (పొరలు విరిగి జరిగిన పగులు) తెగ్గొట్టిన చోటో చిక్కుకుంటుంది. చమురు పుట్టే మాతృశిల, అది ఇమిడే నిల్వశిల, అడ్డుపడే మూత, చిక్కుకునే ఉచ్చు: వీటిలో ఏ ఒక్కటి లోపించినా బావి ఎండుదే. వరుస కూడా తప్పకూడదు. చమురు దాటిపోయాక ఉచ్చు ఏర్పడితే అందులో మిగిలేది ఉప్పునీరే. కమాను పొరల శిఖరాల దగ్గరే బావులు ఫలిస్తాయని 1861లో భూగర్భ శాస్త్రవేత్త స్టెరీ హంట్ రాశాడు. 1885లో ఐ.సి. వైట్ ఆ సూత్రాన్నే వాయు బావులకు గట్టిగా అన్వయించాడు.

కొండ ప్రాంతాల్లో పొరల వంపు కంటికే కనిపిస్తుంది. చదునైన నేలలో ఏం చేయాలి? 1901 జనవరిలో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్ దగ్గర ఉప్పు గుమ్మటం (లోతులోని ఉప్పు గుమ్మటంలా పైకి పొడుచుకొచ్చిన చోటు) మీద వేసిన బావి రోజుకు లక్ష పీపాల చొప్పున చిమ్మింది. దాంతో ఉప్పు గుమ్మటాల వేట మొదలైంది. అప్పుడే భౌతికశాస్త్రం రంగంలోకి దిగింది. ఉప్పు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 2.2 గ్రాములు. లోతులో చుట్టూ ఉన్న రాళ్లు అంతకంటే బరువైనవి కాబట్టి దాని మీద గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది. హంగేరీ శాస్త్రవేత్త ఈట్వాష్ రూపొందించిన టోర్షన్ బ్యాలెన్స్ (సన్నని తీగ మెలికను బట్టి గురుత్వాకర్షణలోని చిన్న తేడాలు కొలిచే పరికరం) ఆ తేడాను పసిగట్టగా, 1924లో టెక్సాస్‌లో నాష్ గుమ్మటం బయటపడింది. అదే ఏడాది జర్మనీకి చెందిన మింట్రోప్ సంస్థ బృందం, నేలలో పేలుడు జరిపితే దాని తరంగం ఉప్పులో వేగంగా దూసుకెళ్లి ముందే చేరుతుందన్న గమనికతో ఆర్చర్డ్ గుమ్మటాన్ని పట్టుకుంది.

అసలు మలుపు మాత్రం ప్రతిధ్వనితో వచ్చింది. 1921లో క్లారెన్స్ కార్చర్ ఓక్లహోమాలో పొరల నుంచి తిరిగొచ్చిన తరంగాలను నమోదు చేశాడు. లెక్క సులువే. తరంగం సగటున సెకనుకు 3,000 మీటర్ల వేగంతో వెళ్లి 2 సెకన్లకు తిరిగొస్తే పొర 3 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు. చిక్కంతా ఆ వేగం దగ్గరే. నేల పైభాగంలోని వదులు మట్టిలో తరంగం బాగా నెమ్మదిస్తుంది. ఆ మందం చోటుచోటుకూ మారితే, చదునైన పొర కూడా చిత్రంలో గుట్టలుగుట్టలుగా కనిపిస్తుంది. అందుకే పేలుడు పదార్థాన్ని ఆ మట్టి కిందికి దించి పేలుస్తారు. లేదా భారీ వాహనాలతో నేలను, ఉదాహరణకు 8 నుంచి 80 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా, క్రమంగా కంపింపజేస్తారు. సముద్రంలోనైతే ఓడ వెనుక గాలిని ఒక్కసారిగా వదిలి శబ్దం పుట్టించే ఎయిర్‌గన్‌లు, కిలోమీటర్ల పొడవున హైడ్రోఫోన్ (నీటిలో శబ్దాన్ని పట్టే మైకు) కేబుళ్లు లాగుతారు. 1950లలో హ్యారీ మేన్ చూపిన ఉపాయం ఇప్పటికీ వెన్నెముకే. భూమి లోపలి ఒకే బిందువు నుంచి వేర్వేరు దూరాలకు చేరిన ప్రతిధ్వనులను సరిచేసి కలిపితే అసలు సంకేతం బలపడి గోల (అక్కర్లేని అలజడి) పలచబడుతుంది. 64 నమోదులు కలిపితే గోలతో పోల్చినప్పుడు సంకేతం 8 రెట్లవుతుంది.

1967లో టెక్సాస్‌లోని ఫ్రెండ్స్‌వుడ్ క్షేత్రంపై 3డి సర్వే చేశారు. అంతవరకు విడివిడి గీతల వెంట చూసినది అక్కడ ఘనరూపంగా వచ్చింది. అయినా పరిమితి ఒకటి ఉంది. 3,000 మీటర్ల వేగానికి 30 హెర్ట్జ్ తరంగపు పొడవు 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్లకంటే పలచని పొర పైఅంచు, కిందిఅంచు విడిగా తెలియవు.

1970ల మొదట్లో మరో ఆశ చిగురించింది. వాయువు నిండిన ఇసుకరాయి సీస్మిక్ చిత్రంలో (ఆ ప్రతిధ్వనులతో గీసిన చిత్రంలో) ప్రకాశవంతమైన మచ్చగా కనిపిస్తుందని గమనించారు. కానీ రంధ్రాల్లో వాయువు ఏ 10 శాతమో ఉన్నా తరంగ వేగం దారుణంగా పడిపోయి మచ్చ అంతే మెరుస్తుంది. ఎంతోమంది నిపుణులను తప్పుదోవ పట్టించిన మెరుపు ఇది. ఆకారం సరిగ్గా ఉన్నా చాలదని 1983లో అలాస్కా తీరంలోని మక్లక్ బావి చూపింది. లీజులకే వంద కోట్ల డాలర్లకు పైగా పోసిన ఆ ఉచ్చులో చమురు మరకలున్న రాయి దొరికింది, దాని రంధ్రాల్లో మాత్రం నీరే. ఎప్పుడో నిండిన చమురు ఎప్పుడో జారిపోయింది. నా దృష్టిలో మూత ఎంత గట్టిదన్న ప్రశ్నే ఈ రంగంలో అన్నిటికంటే కష్టమైనది.

అందుకే తుది మాట బావిదే. 1927 సెప్టెంబరు 5న ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ష్లుంబర్జే సోదరుల బృందం బావిలోకి ఎలక్ట్రోడ్లు దించి, లోతు వెంట రాళ్ల విద్యుత్ నిరోధకత కొలిచింది. ఉప్పునీరు విద్యుత్తును పోనిస్తుంది, చమురు పోనివ్వదు. 1942లో ఇంజనీరు ఆర్చీ ఇచ్చిన సమీకరణంతో ఆ కొలత నుంచే రంధ్రాల్లో నీరెంతో లెక్కకట్టగలిగారు. ఇక్కడా జాగ్రత్త తప్పదు. మంచినీటి ఇసుకరాయి కూడా అధిక నిరోధకత చూపి చమురని భ్రమింపజేస్తుంది. బంకమట్టి కలిసిన ఇసుకరాయిలో చమురున్నా నిరోధకత తగ్గి, మంచి పొర చేజారుతుంది. ఆ అనుమానం తీర్చడానికి వేర్వేరు లోతుల్లో పీడనం కొలుస్తారు. నీటిలో ప్రతి 10 మీటర్లకు దాదాపు 1 బార్ (సుమారు వాతావరణ పీడనమంత) పెరిగితే, చమురులో 0.7 లేదా 0.8 మాత్రమే, వాయువులో ఇంకా తక్కువ. లోతు వెంట పీడనాన్ని గీతగా గీస్తే చమురు గీతా నీటి గీతా కలిసే లోతే రెంటికీ హద్దు. నిల్వ ఎంతుందో లెక్క వేయడం ఆ హద్దు దొరికాకే మొదలవుతుంది.