అంచు లేని స్టేజీ: మష్రూమీ కింగ్‌డమ్ గొడవ అసలు ఎక్కడ మొదలైంది

సూపర్ స్మాష్ బ్రదర్స్ (నింటెండో క్యారెక్టర్లు కొట్టుకునే ఫైటింగ్ గేమ్, ముద్దుగా స్మాష్) ఆడేవాళ్ళ మధ్య మళ్ళీ స్టేజీ లిస్టు గొడవ లేచింది, అంటే ఏ స్టేజీల మీద, ఏ మైదానాల మీద టోర్నమెంట్లు ఆడాలనే గొడవ, ఎప్పట్లాగే మారియో స్టేజీల దగ్గరే. వందకి పైగా స్టేజీలు ఉన్న ఆటలో టోర్నమెంట్లకి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఎందుకు వాడతారు, మారియో స్టేజీ మష్రూమీ కింగ్‌డమ్ ఏం పాపం చేసింది, ఆ మాటకొస్తే సోనిక్ స్టేజీ గ్రీన్ హిల్ జోన్ ఏం పాపం చేసింది అని ఒక వర్గం. ముందు మీరు అక్కడ ఒక సీరియస్ సెట్ ఆడి బతికి బయటపడండి, తర్వాత మాట్లాడదాం అని ఇంకో వర్గం. ఈ నేపథ్యం సాయంత్రంలోపు రాసిమ్మన్నారు కాబట్టి తెలిసిన కథలన్నీ పక్కన పెట్టేస్తున్నా. స్మాష్‌కి ముందొచ్చిన డ్రాగన్ కింగ్ అనే ప్రోటోటైప్, దానికి ఇవాటా అనే ప్రోగ్రామర్ రాసిన కోడ్, 1999లో నింటెండో 64 మీద మొదటి ఆట, 2001లో రెండో ఆట మెలీ, ఇవన్నీ మీకు నోటికొచ్చే ఉంటాయి.

ఆ పాత కథలోంచి ఒక్క ముక్క మాత్రం కావాలి. మొదటి స్మాష్‌లో మష్రూమ్ కింగ్‌డమ్ (మష్రూమీ కాదు, అది తర్వాత వచ్చింది) అని ఒక స్టేజీ ఉండేది, అన్‌లాక్ చేసుకోవాల్సిందే. చూడగానే 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ అని తెలిసిపోతుంది, కానీ అది ఆ ఆటలోని ఏ లెవెలూ కాదు. పైపులు తెచ్చారు, ఒకవైపు బరువు పడితే రెండోవైపు లేచే త్రాసు ప్లాట్‌ఫామ్‌లు తెచ్చారు, పౌ బ్లాక్ తెచ్చారు, వాటన్నిటినీ నలుగురు కొట్టుకోవడానికి వీలుగా పేర్చారు. అంటే సామాన్లు మారియోవి, ఇల్లు మాత్రం స్మాష్‌ది. రెండు పక్కలా నేల స్క్రీన్ బయటికి వెళ్ళిపోయేది, అది అప్పుడు కూడా ఇబ్బందే, కానీ 64 ఆడేవాళ్ళు ఎలాగూ డ్రీమ్ ల్యాండ్‌లో సెటిలైపోయారు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

నా లెక్కలో మలుపు 2008లో వచ్చిన మూడో ఆట, బ్రాల్. చాలామంది ఈ గొడవని సరదాగా ఆడేవాళ్ళకీ సీరియస్‌గా ఆడేవాళ్ళకీ మధ్య గొడవ అని చెప్పేసి ఊరుకుంటారు, ఆ ఏడాది ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్లో బ్రాల్‌ని ఐటమ్స్ (ఆట మధ్యలో వచ్చి పడే ఆయుధాలూ వగైరా) ఆన్ పెట్టి ఆడించిన రచ్చ కూడా గుర్తు చేస్తారు. అది నిజమే కానీ ఐటమ్స్ సంగతి ఎప్పుడో తేలిపోయింది, ఆఫ్ చేస్తారు, అయిపోయింది. స్టేజీ గొడవ మాత్రం ఇన్నేళ్ళయినా తేలకపోవడానికి కారణం వేరే ఉంది, అది మష్రూమీ కింగ్‌డమ్‌లోనే ఉంది.

బ్రాల్‌లో మష్రూమీ కింగ్‌డమ్ కోసం మొదటిసారి సామాన్లు తెచ్చి పేర్చడం మానేసి లెవెల్‌నే ఎత్తుకొచ్చారు. 1985 ఆటలోని మొదటి లెవెల్ 1-1 అంటే 1-1ఏ. మొదటి క్వశ్చన్ బ్లాక్ ఎక్కడుంటుందో, పైపులు ఏ వరసలో పెద్దవవుతూ వస్తాయో, మెట్లు ఎక్కడొస్తాయో, వేళ్ళకి అలవాటైపోయిన ఆ దారి అంతా అక్కడుంది. రంగు మాత్రం వెలిసిపోయింది, పచ్చటి గుట్టలు ఎడారి మట్టిలా అయిపోయాయి, ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ రాజ్యం పాడుబడిపోతే ఎలా ఉంటుందో అలా. మ్యూజిక్ కూడా అదే పాట నీరసంగా సాగుతుంటుంది. 1-2 వెర్షన్ కూడా ఉంది, అండర్‌గ్రౌండ్‌ది. చూడ్డానికి ఇంత బాగా ఆలోచించి చేసిన మారియో స్టేజీ ఆ సిరీస్‌లో ఇంకోటి లేదు, ఇది నేనొక్కడినే అనట్లేదు, బ్యాన్ చేసినవాళ్ళు కూడా అంటారు.

కాకపోతే ఒక తేడా ఉంది. 1985 ఆటలో స్క్రీన్ మీ కోసం ఆగేది. మారియో నిలబడితే స్క్రీన్ నిలబడుతుంది, మారియో కుడికి నడిస్తే కుడికి జరుగుతుంది, వెనక్కి మాత్రం రాదు. బ్రాల్‌లో నలుగురు ఉన్నారు కదా, ఎవరి కోసం ఆగాలి? అందుకని ఎవరి కోసమూ ఆగదు, దానంతట అదే కుడికి జరుగుతూ పోతుంది. ప్లాట్‌ఫామ్ ఆటలో, అంటే మారియోలా గెంతుకుంటూ సాగే ఆటలో, గోతిలో పడితేనో శత్రువు తగిలితేనో పోతాం, ఇక్కడ ఒక పొడుగు పైపు వెనక అర క్షణం ఎక్కువ నిలబడితే చాలు, స్క్రీన్ మిమ్మల్ని వదిలేసి ముందుకెళ్ళిపోతుంది, మీ లైఫ్ ఒకటి పోతుంది. అవతలివాడు మిమ్మల్ని కొట్టి చంపక్కర్లేదు, పైపు ఎక్కనివ్వకుండా ఆపితే చాలు.

ఇక్కడే అంచు అనే మాట రావాలి, ఎందుకంటే మొత్తం కథ దీని చుట్టూనే తిరుగుతుంది. స్మాష్‌లో మామూలు ఫైటింగ్ గేముల్లా హెల్త్ బార్ ఖాళీ అయితే ఓడిపోరు, డ్యామేజీ పర్సంటేజీ పెరిగేకొద్దీ దెబ్బకి ఎక్కువ దూరం ఎగురుతారు, కనిపించని బ్లాస్ట్ లైన్ దాటితే పోతారు. ఆ ఎగరడానికీ పోవడానికీ మధ్యలో జరిగేదే అసలు ఆట. స్టేజీ బయటికి పడ్డవాడు ఎలాగోలా తిరిగొచ్చి అంచు పట్టుకోవాలి, రెండోవాడు రానివ్వకూడదు. ఆడేవాళ్ళ నైపుణ్యం సగం అక్కడే తెలుస్తుంది. మరి స్టేజీకి అంచే లేకపోతే? నేల స్క్రీన్ బయటికి, బ్లాస్ట్ లైన్ దాకా అలాగే పోతుంటే? దాన్నే వాకాఫ్ అంటారు. అక్కడ స్క్రీన్ చివర నిలబడి ఎవడినైనా పట్టుకుని వెనక్కి విసిరితే ఇరవై శాతం డ్యామేజీకే పోతాడు, తిరిగొచ్చే మాటే లేదు.

దీనికి బ్రాల్‌లో కింగ్ డెడెడె అనే క్యారెక్టర్ తోడయ్యాడు. అతని డౌన్ త్రో చాలా క్యారెక్టర్ల మీద చెయిన్ గ్రాబ్, అంటే విసిరిన వెంటనే మళ్ళీ పట్టుకోవచ్చు, మళ్ళీ విసరొచ్చు, ప్రతిసారీ రెండడుగులు ముందుకి. అంచున్న స్టేజీలో అంచు దగ్గర అది ఆగిపోతుంది. వాకాఫ్‌లో ఆగదు, స్క్రీన్ చివరిదాకా అలా తోసుకెళ్ళి ఒక బ్యాక్ త్రోతో పని ముగించేస్తాడు. గోడ దొరికితే ఇంకా దారుణం, గోడకి ఆనించి అదే త్రో కదలకుండా వేస్తూ ఉండొచ్చు, మరి మష్రూమీ కింగ్‌డమ్‌లో పైపులన్నీ గోడలే. నేను ఒకసారి ఫ్రెండుతో పందెం కట్టి ఇది ఆడాను, నాది మారియో, వాడిది డెడెడె, సొంత ఊరే కదా అన్న ధీమాతో వెళ్ళాను. రెండో పైపు దగ్గర పట్టుకున్నాడు. ఆ తర్వాత కంట్రోలర్ టేబుల్ మీద పెట్టేసి మంచినీళ్ళు తాగొచ్చాను, వచ్చేసరికి ఇంకా విసురుతూనే ఉన్నాడు, పర్సంటేజీ అంకె ముదురు ఎరుపెక్కిపోయింది.

ఇది డెడెడె ఒక్కడి తప్పు అనుకుంటే పొరపాటు. మెలీలోనే ఫాక్స్ అనే క్యారెక్టర్ షైన్ అనే దెబ్బ కొట్టుకుంటూ జారుకుంటూ చాలామందిని వాకాఫ్ దాకా తోసుకెళ్ళేవాడు. క్యారెక్టర్ మారుతుంది, చేసే పని అదే. ప్లాట్‌ఫామ్ ఆట లెవెల్ అంటే కుడివైపు అలా సాగిపోతూ ఉండేది, స్మాష్ స్టేజీ అంటే స్క్రీన్ లోపల ఎక్కడో ఒకచోట ఆగిపోవాల్సింది. ఒకదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి రెండోదానిలో పెడితే ఇదే జరుగుతుంది.

ప్లాట్‌ఫామ్ ఆటలంటే టోర్నమెంటు వాళ్ళకి పడదు అనే వాదన కూడా వినిపిస్తోంది, అది మాత్రం లెక్కకి నిలవదు. మెలీలో సింగిల్స్‌కి ఏళ్ళ తరబడి వాడుతున్న ఆరు స్టేజీలు తీసుకోండి: బ్యాటిల్‌ఫీల్డ్, ఫైనల్ డెస్టినేషన్, పోకెమాన్ స్టేడియం, డ్రీమ్ ల్యాండ్, ఫౌంటెన్ ఆఫ్ డ్రీమ్స్, యోషీస్ స్టోరీ. చివరి మూడూ ప్లాట్‌ఫామ్ ఆటల్లోంచి వచ్చినవే, రెండు కిర్బీవి, ఒకటి యోషీది. ఇంకో విషయం, ఆ కిర్బీని 1992లో సృష్టించిందీ తర్వాత స్మాష్ చేసిందీ ఒకే మనిషి, సకురాయ్. ఆయన సొంత ప్లాట్‌ఫామ్ ఆట స్టేజీ టోర్నమెంట్లలో మొదటి నుంచీ లీగలే. పోనీ ఇవి ఏ అడ్డంకులూ లేని స్టేజీలా అంటే అదీ కాదు. డ్రీమ్ ల్యాండ్‌లో విస్పీ చెట్టు గాలి ఊది జనాన్ని పక్కకి నెడుతుంది, ఫౌంటెన్‌లో ప్లాట్‌ఫామ్‌లు పైకీ కిందకీ కదులుతుంటాయి, యోషీస్ స్టోరీలో ఆటగాళ్ళు రాండల్ అని పిలుచుకునే మేఘం స్టేజీ చుట్టూ తిరుగుతూ చావాల్సినవాణ్ణి అరచేతిలో పట్టుకున్నట్టు కాపాడేస్తుంది. అది టైమర్ ప్రకారం నడుస్తుంది కాబట్టి గడియారం చూసి ఇప్పుడు రాండల్ ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళున్నారు. ఇన్ని ఉన్నా ఎవరూ తీసెయ్యలేదు, ఎందుకంటే అన్నిటికీ రెండు వైపులా అంచుంది.

అన్ని స్టేజీలూ ఆడనివ్వమనేవాళ్ళ వైపు నుంచి చెప్పాల్సింది కూడా చెప్పాలి. ఆట చేసినవాళ్ళు ఇన్ని స్టేజీలు చేసింది చూసి ఆనందించడానికే అని, అందరూ ఒకే రకం నేల మీద ఆడితే చూసేవాళ్ళకి విసుగని వాళ్ళ మాట. వాళ్ళ చేతిలో ఇంకా గట్టి పాయింటు ఒకటుంది, ఎందుకో ఎవరూ వాడరు: రెయిన్‌బో క్రూజ్. సూపర్ మారియో 64 లెవెల్ ఆధారంగా చేసింది, అదీ స్క్రోల్ అవుతుంది, అయినా మెలీలోనూ బ్రాల్‌లోనూ ఏళ్ళ తరబడి కౌంటర్‌పిక్‌గా, అంటే ఓడినవాళ్ళు తర్వాతి గేమ్‌కి ఎంచుకునే స్టేజీగా, లీగల్‌గా నడిచింది. అంటే స్క్రోలింగ్ ఒక్కటే నేరం కాదన్నమాట. తర్వాత లిస్టులు కుదించుకుంటూ వచ్చినప్పుడు అదీ పోయింది.

ఇక 2014. నింటెండో త్రీడీఎస్, వీ యూ మెషిన్లకి వచ్చిన స్మాష్ వెర్షన్లలో ఒమేగా ఫామ్ అని తెచ్చారు, దాదాపు ప్రతి స్టేజీకీ ఫైనల్ డెస్టినేషన్ లాంటి చదునైన రూపం ఒకటి. మష్రూమీ కింగ్‌డమ్ త్రీడీఎస్‌లో తిరిగొచ్చింది, దానికీ ఒమేగా వచ్చింది, వెనకాల అదే పాడుబడ్డ రాజ్యం, కాళ్ళ కింద అంచున్న చదును నేల. నా దృష్టిలో ఇది ఆట చేసినవాళ్ళే ఒప్పుకోవడం, బొమ్మ వేరు, నేల వేరు అని. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో డీఎల్సీగా, అంటే ఆట వచ్చాక అదనంగా, వచ్చిన సూపర్ మారియో మేకర్ స్టేజీ ఇంకో దారి పట్టింది, ఆడిన ప్రతిసారీ లేఅవుట్ కొత్తగా తయారవుతుంది, దాన్ని లీగల్ చెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు.

2018 డిసెంబర్‌లో స్మాష్ అల్టిమేట్ వచ్చింది, మొదటి రోజే 103 స్టేజీలు, ఒమేగాతో పాటు మూడు చిన్న ప్లాట్‌ఫామ్‌లుండే బ్యాటిల్‌ఫీల్డ్ ఫామ్ కూడా, వాటికి తోడు స్టేజీల్లోని అడ్డంకుల్ని ఆపేసే హజార్డ్స్ ఆఫ్ అనే స్విచ్. ఇప్పటి గొడవకి నిప్పు ఈ స్విచ్చే. అది వేస్తే లైలాట్ క్రూజ్ ఒరగడం మానేస్తుంది, పోకెమాన్ స్టేడియం 2 రూపాలు మార్చడం మానేస్తుంది, ఫ్రిగేట్ ఓర్ఫియాన్ తలకిందులవ్వడం మానేస్తుంది. దాంతో అన్ని స్టేజీలూ బాగైపోతాయని ఆశ పుట్టింది. గ్రీన్ హిల్‌నే చూడండి, కొడితే గిర్రున తిరిగి తగిలే ల్యాంప్ పోస్టు, మధ్యలో విరిగిపోయే నేల ఇవి కనిపించే ఇబ్బందులు, వీటి మీదే అందరి దృష్టీ. రెండు పక్కలా గడ్డి నేల స్క్రీన్ బయటికి పోతూనే ఉంటుంది, దాన్ని ఏ స్విచ్చూ హజార్డ్ కింద లెక్కెయ్యదు.

75ఎం అనే స్టేజీ మాత్రం నా అంచు లెక్కకి లొంగదని ముందే ఒప్పుకుంటున్నా. 1981 డాంకీ కాంగ్ ఒకే స్క్రీన్ ఆట, కుడికి సాగిపోయే బాధ లేదు, అయినా బ్రాల్ నుంచీ దాన్ని ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. నిచ్చెనలు, లిఫ్టులు, పైనుంచి ఎగురుతూ వచ్చే స్ప్రింగులు, దీనికి తోడు స్టేజీ ఎంత పెద్దదంటే పారిపోయేవాణ్ణి పట్టుకునేలోపు టైమ్ అయిపోతుంది. అది వేరే కేసు, ఇప్పుడు కొట్టుకుంటున్నవాళ్ళు కూడా దాని పేరు ఎత్తట్లేదు.

మిగిలింది ఒక్క మధ్యేమార్గం, అసలు స్టేజీ బదులు దాని బ్యాటిల్‌ఫీల్డ్ ఫామో ఒమేగా ఫామో వాడుకోవడం. నిబంధనల ప్రకారం పెద్ద అడ్డేం లేదు. కానీ మష్రూమీ కింగ్‌డమ్ కావాలనేవాళ్ళు దానికి ఒప్పుకోరు, వాళ్ళకి కావాల్సింది వెనకాల బొమ్మ కాదు, ఆ పైపులూ ఆ మెట్లూ.