మట్టిపలకల మీద ఉభయకుశలోపరి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఈ పాతకాలపు మాట చూసి నవ్వుకుంటారని తెలుసు. దాదాపు 3,300 ఏళ్ల కిందట రాజులు కూడా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టేవారు. "నేను క్షేమం. నువ్వూ, నీ ఇల్లూ, భార్యలూ, గుర్రాలూ, రథాలూ క్షేమంగా ఉండాలి" అని. గుర్రాల క్షేమం అడగడం నాకు అలవాటు లేదు.

1887లో ఈజిప్టులోని అమర్నాలో అలాంటి ఉత్తరాలు బయటపడ్డాయి. ఇప్పటికి దొరికినవి సుమారు 350. అన్నీ మట్టిపలకలే. విచిత్రమేమిటంటే, అవి ఈజిప్టు భాషలో లేవు. దాదాపు అన్నీ బాబిలోన్ (నేటి ఇరాక్) వైపు అక్కాద్ భాషలో ఉన్నాయి. అప్పటి దౌత్యానికి అదే వాడుక భాష.

పెద్ద రాజులు ఒకరినొకరు "సోదరా" అనుకునేవారు. పెట్టుపోతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన పెళ్లిళ్లలో గొడవలే! దక్షిణాన ఉన్న నుబియా గనుల వల్ల ఈజిప్టులో బంగారానికి లోటు లేదు, అందరి కన్నూ దాని మీదే. "నువ్వు పంపిన 20 మీనాలు కొలిమిలో పెడితే 5 కూడా తేలలేదు" అని బాబిలోన్ రాజు బుర్నబురియాష్ నిష్ఠూరమాడాడు. మీనా అంటే సుమారు అర కిలో. మితన్ని (నేటి సిరియా ఉత్తరభాగంలోని రాజ్యం) రాజు తుష్రత్త అయితే ఈజిప్టుకు పిల్లనిచ్చిన మామగారు. ఈజిప్టు రాజు మూడవ అమెన్‌హోటెప్ ఆయనకు పోత బంగారు బొమ్మలు ఇస్తానన్నాడు. అమెన్‌హోటెప్ పోయాక, కొడుకు అఖెనాటెన్ చెక్క బొమ్మలకు బంగారు రేకు తొడిగించి పంపాడు. మామగారు ఊరుకుంటారా? "నీ భర్త ఇచ్చిన మాట నీకు తెలుసు కదా" అంటూ ఆ కొత్త రాజు తల్లి తియేకు కూడా రాశాడు.

అలాషియా, అంటే నేటి సైప్రస్, రాగికి పేరు. అక్కడి రాజు ఒకసారి రాగి తక్కువ పంపి, పనివాళ్లంతా తెగులుకు చనిపోయారని మన్నించమన్నాడు. బదులుగా వెండి, ఎద్దు, నూనెతో పాటు రాబందుల శకునాలు చెప్పే మనిషిని పంపమన్నాడు!

నాకు నచ్చిన ఉత్తరం మళ్లీ బుర్నబురియాష్‌దే. ఆయనకు జబ్బు చేస్తే ఈజిప్టు రాజు పలకరించలేదట. కోపం వచ్చింది. "మా దేశం చాలా దూరం, మా రాజుకు కబురే అందలేదు, కావాలంటే మీ దూతనే అడగండి" అన్నాడు ఈజిప్టు దూత. అడిగాడు. దూరమేనని తన మనిషీ చెప్పాక కోపం తగ్గిందని ఆయనే రాశాడు.

నాకు పోయిన వారం జ్వరం వచ్చి తగ్గింది. మీ ఊరికి బస్సులో నాలుగు గంటలే.

ఇట్లు,
తాతయ్య