ముందు చక్రాల టర్బో కారుకి ఎల్‌ఎస్‌డి: అపోహలు, వాస్తవాలు

"అన్నా, రీమ్యాప్ అయిపోయింది. ఇక ఎల్‌ఎస్‌డి వేయించుకుంటే బండి సెట్ అయినట్టే కదా?"

మా షెడ్డుకి టర్బో కార్లు తెచ్చే కుర్రాళ్లు తరచుగా అడిగే మాట ఇది. రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచుతూ, మలుపులో వాటిని వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక డిఫరెన్షియల్. ఒక చక్రం ఊరికే జారిపోకుండా అదుపు చేసే రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అదే ఎల్‌ఎస్‌డి. అదంటే నాకు చాలా ఇష్టం. సరైన బండికి సరైనది పడితే ఆ తేడా స్టీరింగ్ పట్టుకున్న చేతులకే తెలుస్తుంది. అందుకే అవసరం లేని బండికి వేయించి డబ్బు పోగొట్టుకోవడం చూస్తే బాధగా ఉంటుంది. వినీ వినీ నా చెవుల్లో నిలిచిపోయిన అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మామూలు డిఫరెన్షియల్ పవర్ అంతా జారే చక్రానికే పంపేస్తుంది.

వాస్తవం: మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ టార్క్ (తిప్పే బలం, దాని కొలత ఎన్‌ఎం) సమానంగానే పంచుతుంది. అసలు చిక్కు ఆ సమానత్వంలోనే ఉంది. మలుపులో కారు బరువు బయటి చక్రం మీదకి ఒరుగుతుంది, లోపలి చక్రం తేలికవుతుంది. పైగా యాక్సిలరేటర్ తొక్కితే బరువు వెనక్కి పోతుంది కాబట్టి ముందు చక్రాల మీద భారం ఇంకా తగ్గుతుంది. ఆ క్షణంలో లోపలి చక్రం 300 ఎన్‌ఎం వరకే జారకుండా ఆపగలదనుకుందాం. అప్పుడు బయటి చక్రానికీ 300 మాత్రమే అందుతుంది, మొత్తం 600. బయటి టైరుకి ఇంకా ఎంతో పట్టు ఉన్నా దాన్ని వాడుకునే దారి లేదు. అదే 2.5 నిష్పత్తి ఉన్న హెలికల్ ఎల్‌ఎస్‌డి (ఏటవాలు పళ్ల గేర్లతో పని చేసే రకం) ఉంటే, లోపలి చక్రం 300 ఆపుతున్నప్పుడు బయటి దానికి 750 దాకా వెళ్తుంది. మొత్తం 1050. మలుపులోంచి బయటపడేటప్పుడు కారు ముక్కు బయటికి పోకుండా లోపలికి లాగినట్టు అనిపించేది అందుకే.

అపోహ: పవర్ పెంచితే ఎల్‌ఎస్‌డి తప్పనిసరి.

వాస్తవం: ఎంత పవర్ అన్నదానికంటే ఎక్కడ తొక్కుతారన్నది ముఖ్యం. వంపుల్లేని నేరు రోడ్డు మీద, రెండు చక్రాల కిందా తారు ఒకేలా ఉంటే రెండూ దాదాపు ఒకేసారి జారతాయి, ఎల్‌ఎస్‌డి చేసేది పెద్దగా ఏమీ ఉండదు. అది పని చేసేది మలుపులో.

ఒక బండి సంగతి చెప్తాను. 1.5 టర్బో సెడాన్, రీమ్యాప్ చేసినది. హైదరాబాద్‌లో చాలా చోట్ల సిగ్నళ్లు తీసేసి యూ-టర్న్‌లు పెట్టాక అతనికి ఈ బాధ మొదలైంది. యూ-టర్న్ తిరిగి సెకండ్ గేర్‌లో తొక్కగానే కుడి ముందు చక్రం గిర్రున తిరగడం, డ్యాష్‌బోర్డులో పసుపు లైటు కొట్టుకోవడం, పవర్ పడిపోవడం. మన యూ-టర్న్ కుడికి కాబట్టి తేలికయ్యేది కుడి చక్రమే. ఎల్‌ఎస్‌డి ఆర్డర్ పెట్టేస్తానన్నాడు. బండిని లిఫ్ట్ ఎక్కించి టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చూపించాను. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైర్లకి ఐదేళ్లు దాటాయి. అరుగుదల పెద్దగా లేదు గానీ గోరు గుచ్చితే దిగనంత గట్టిపడ్డాయి. కింద ఇంజిన్ మౌంట్ రబ్బరు కూడా చిరిగింది. అందుకే చక్రం జారినప్పుడల్లా ముందు భాగం దడదడ కొట్టుకుంటోంది. మంచి టైర్లు, కొత్త మౌంట్, అలైన్‌మెంట్. అంతే చేశాం. ఆ తర్వాత అతను ఎల్‌ఎస్‌డి మాట ఎత్తలేదు.

మన దగ్గర తిరిగే 1.0 టర్బోలు 110, 120 పీఎస్ దగ్గర ఉంటాయి, 1.5 టర్బోలు 150, 160 దగ్గర. ఈ బళ్లలో ఊళ్లో తిరిగేవాళ్లకి ముందు టైర్లే అని నేను గట్టిగా చెప్తాను. ఇంకో మాట కూడా ఉంది. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఫోక్స్‌వాగన్ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), అంటే డీక్యూ200, 250 ఎన్‌ఎం వరకే డిజైన్ చేసినది. రీమ్యాప్‌తో ఆ గీత దాటిన బండికి ముందు ఆలోచించాల్సింది క్లచ్ గురించి.

అపోహ: నా కారులో ఎక్స్‌డీఎస్ ఉంది, ఎల్‌ఎస్‌డి ఉన్నట్టే.

వాస్తవం: ఎక్స్‌డీఎస్ కొన్ని కార్లలో వచ్చే ఎలక్ట్రానిక్ వ్యవస్థ. అది బ్రేకుతో చేసే పని. తేలికైన లోపలి చక్రానికి కొద్దిగా బ్రేకు వేసి, ఆ మేరకు బయటి చక్రానికి టార్క్ దొరికేలా చేస్తుంది. రోడ్డు మీద నిజంగా బాగా పని చేస్తుంది, దాన్ని తక్కువ చేయను. కానీ బ్రేకు వేయడమంటే ఇంజిన్ ఇచ్చిన పనిలో కొంత వేడిగా పోవడమే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పి పిట్‌లోకి వస్తే ముందు ప్యాడ్ల కమురు వాసన గుప్పుమంటుంది. అసలు బ్రేకుల పనికే ఖాళీ లేని ప్యాడ్లకి ఇది అదనపు చాకిరీ. ఏటా నాలుగైదు ట్రాక్ డేలకి వెళ్లే వాళ్లకి మెకానికల్ ఎల్‌ఎస్‌డి వేయించుకోమనే చెప్తాను, సందేహం లేకుండా.

అపోహ: ఎల్‌ఎస్‌డి వేస్తే స్టీరింగ్ పక్కకి లాగడం పోతుంది.

వాస్తవం: పెరగొచ్చు కూడా. డ్రైవ్ షాఫ్టుల పొడవులో, కోణాల్లో తేడా వల్లా, స్టీరింగ్ తిరిగే ఇరుసుకీ చక్రం మధ్య భాగానికీ ఉన్న దూరం వల్లా ఆ లాగుడు వస్తుంది. ఎల్‌ఎస్‌డి ఏ చక్రానికి పట్టుంటే దానికి ఎక్కువ టార్క్ ఇస్తుంది కాబట్టి గతుకుల రోడ్డు మీద ఆ లాగుడు ఒక్కోసారి అటూ ఇటూ మారుతుంటుంది. 2002లో వచ్చిన ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో 2.0 టర్బో, 215 పీఎస్, క్వైఫ్ హెలికల్ డిఫరెన్షియల్ ఉండేవి. మలుపుల్లో దాని పట్టుని ఎంత పొగిడారో, స్టీరింగ్ కుస్తీ గురించి కూడా అంతే చెప్పుకున్నారు. 2009లో వచ్చిన దాని తర్వాతి ఆర్‌ఎస్ 305 పీఎస్‌తో వచ్చింది. అందులో ఎల్‌ఎస్‌డితో పాటు ముందు సస్పెన్షన్ నకిల్‌నే (చక్రం బిగించి ఉండే, స్టీరింగ్‌తో తిరిగే భాగాన్ని) మార్చి ఆ దూరాన్ని తగ్గించారు. రెనో మెగాన్ ఆర్‌ఎస్, టర్బో సివిక్ టైప్ ఆర్ కూడా అదే దారి పట్టాయి. మనం షెడ్డులో ఎల్‌ఎస్‌డి వేయగలం, నకిల్ డిజైన్ మార్చలేం. లాగుడు పోవాలని మాత్రమే వస్తే నేను వేయను.

అపోహ: ఎల్‌ఎస్‌డి ఏదైనా ఒకటే.

వాస్తవం: కానే కాదు. రోజూ తిరిగే ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి నా ఓటు హెలికల్‌కే. చప్పుడు చేయదు, అరిగే ప్లేట్లు లేవు, నూనె టైముకి మారిస్తే చాలు. దాని లోపం ఒకటే. ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది ఆపగలిగేది సున్నా, సున్నాని 2.5తో గుణించినా సున్నానే. కర్బ్‌ల (ట్రాక్ అంచు గట్టుల) మీద చక్రం లేపే రేసు బండికి ప్లేట్ల రకం, అంటే రాపిడి ప్లేట్లతో రెండు చక్రాల్నీ కలిపి పట్టేది, కావాలి. దానికి ప్రత్యేకమైన నూనె పోయాలి, పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పితే కటకటమంటుంది, కొన్నాళ్లకి విప్పి ప్లేట్లు మార్చాలి. అందులోనూ టూ-వే తీసుకోవద్దు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా అది బిగుసుకుని, మలుపులోకి దిగేటప్పుడు కారుని తిరగనివ్వదు.

వానలో ఏది వేసినా జాగ్రత్త తప్పదు. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రం జారితే రెండోది కారుని పక్కకి పోకుండా పట్టుకుంటుంది. ప్లేట్ల రకంతో రెండూ కలిసి జారితే ముక్కు నేరుగా బయటికే.

అపోహ: గేర్‌బాక్స్ దించడం, మార్చడం, ఎక్కించడం. ఒక్క రోజు పని.

వాస్తవం: దించడం, ఎక్కించడం తేలికే. కష్టమంతా టేబుల్ మీద ఉంది. కొన్ని గేర్‌బాక్సుల్లో క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం) రివెట్లతో బిగించి ఉంటుంది. రివెట్లు డ్రిల్ చేసి తీసి, హై-టెన్సైల్ బోల్టులు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించాలి. తర్వాత బేరింగ్ ప్రీలోడ్, అంటే బేరింగ్ మీద ముందే ఉంచే బిగింపు. కొత్త డిఫరెన్షియల్ కొలత పాతదానితో వెంట్రుక వాసి తేడా ఉన్నా షిమ్ (ఆ బిగింపుని సరిచేసే పలుచని రేకు) మళ్లీ కొలిచి వేయాలి.

వేరే చోట పని చేయించుకున్న ఒక బండి మా దగ్గరికి వచ్చింది. పాత షిమ్‌నే తిరిగి పెట్టేశారు. 60 దాటగానే ఊళ పెట్టినట్టు సౌండ్. విప్పితే బేరింగ్ ట్రాక్ మీద నల్లగా మచ్చలు, నూనెలో వెండి పొడిలా మెరుపు. ఖరీదైన ఎల్‌ఎస్‌డికి ఏమీ కాలేదు, చుట్టూ ఉన్నవే పోయాయి.

కాబట్టి ఎక్కడ వేయించుకున్నా సరే, డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ప్రీలోడ్ దేంతో కొలుస్తారు?" డయల్ గేజ్, మైక్రోమీటర్ తీసి చూపిస్తే తాళం ఇవ్వండి. చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది అంటే మాత్రం బండి వెనక్కి తెచ్చేసుకోండి.