బడి వదిలాక బస్తీ పిల్లలు: సాయంత్రం సెంటర్ల మీద అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ బస్తీల్లో నాలుగు, నాలుగున్నరకి బడి వదులుతారు. సరిగ్గా ఆ వేళకే అమ్మలు అపార్ట్‌మెంట్లలో రెండో పూట గిన్నెలు తోమడానికి బయల్దేరతారు. అడ్డా కూలీకి పోయిన నాన్న ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. ఆ మధ్య గంటల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించేవే మాలాంటి సెంటర్లు. బోరబండ వైపు ఈ పని చేస్తున్నప్పుడు తల్లిదండ్రుల దగ్గర, దాతల దగ్గర, కొత్త వాలంటీర్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: ఇది పైసలు తీసుకోని ట్యూషన్.

ట్యూషన్లకు బస్తీలో కొదవ లేదు, గల్లీకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2025లో విడుదల చేసిన సర్వే ప్రకారం పట్టణ విద్యార్థుల్లో దాదాపు 31 శాతం మంది ప్రైవేటు కోచింగ్‌కి వెళ్తున్నారు. అయితే గల్లీ ట్యూషన్‌లో జరిగేది చాలావరకు హోంవర్క్ పూర్తి చేయించడమే. గైడు చూసి జవాబు నోట్సులోకి ఎక్కిస్తారు. రెండో తరగతి వాచకం తడుముకుంటూ చదివే ఏడో తరగతి పిల్లాడికి కిరణజన్య సంయోగక్రియ మీద జవాబు రాయిస్తే ఒరిగేదేముంది?

కొత్తగా వచ్చిన పిల్లల్ని మేం ముందు ఏ తరగతి అని అడగం. ఒక కాగితం చేతికిస్తాం. దాని మీద అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఓ చిన్న కథ ఉంటాయి. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా వాడుతున్న పద్ధతే. ఎక్కడ ఆగితే ఆ గుంపులో కూర్చుంటారు. ఐదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు ఒకే చాప మీద కూర్చోవడం చూసి బయటివాళ్లు విస్తుపోతారు. పిల్లలు మాత్రం రెండ్రోజుల్లో అలవాటు పడతారు.

లెక్కల్లో తరచూ కనబడే తప్పొకటి చెప్తాను. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తారు. కింద ఏడు పెద్దది, పైన రెండు చిన్నది కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేస్తారు. ఇలా రాసిన పిల్లాడే కిరాణా కొట్టులో చిల్లర దగ్గర రూపాయి తేడా రానివ్వడు. కాబట్టి పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్లలు రెండు ముందు పెట్టి "నాకు ఇరవై ఏడు ఇయ్యి" అంటాం. రెండు నోట్లు ఇచ్చాక బిళ్లలు చాలవని చూస్తాడు, మూడో నోటుకి చిల్లర అడుగుతాడు. ఆ చిల్లర మార్చడమే పలక మీద అప్పు తెచ్చుకోవడమని చూపిస్తే మూడు నాలుగు రోజుల్లో పట్టుకుంటాడు. నలభై మంది ఉన్న తరగతిలో దీనికి ఓపికా టైమూ ఎవరికుంటాయి?

అపోహ: మార్కులు పెరగకపోతే సెంటర్ దండగ.

"ఆడుకునుడు ఏంది మేడమ్, చదువు చెప్పున్రి. మార్కులు రావాలె" అని అమ్మలు అంటే తప్పు పట్టను. వాళ్ల చేతిలో ఉన్న కొలత అదొక్కటే. దీని మీద ఢిల్లీ బస్తీల్లో పకడ్బందీగా జరిగిన అధ్యయనం ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ అనే పరిశోధకులు చేశారు, 2019లో అచ్చయింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో చేరే అవకాశం లాటరీ తీసి ఇచ్చారు. రోజుకి తొంభై నిమిషాలు. సగం సేపు పిల్లాడి స్థాయిని బట్టి మారే కంప్యూటర్ పాఠం, సగం సేపు చిన్న గుంపులో బోధన. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత అటూఇటూ ఉంటాయో చెప్పే కొలత) మేర మెరుగుదల వచ్చింది. ఇంత తక్కువ కాలానికి ఇది చిన్న విషయం కాదు. అన్ని స్థాయిల పిల్లలూ దాదాపు సమానంగానే మెరుగయ్యారు, కానీ సెంటర్ లేకపోతే దాదాపు ముందుకే కదలని వెనకబడిన పిల్లలకి అది మరింత పెద్ద లాభం.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. బడి పెట్టే లెక్కల పరీక్షలో మార్కులు మాత్రం చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. ఎందుకంటే బడి పరీక్ష ఎనిమిదో తరగతి సిలబస్ అడుగుతుంది, పిల్లాడు మూడు నుంచి ఐదుకి ఎక్కాడు. వాడు ఎదిగిన మాట నిజం, ఆ పరీక్ష కాగితం మీద అది కనబడదంతే. అందుకే అమ్మానాన్నలకి ప్రోగ్రెస్ కార్డు బదులు పిల్లాడి చేత కథ పైకి చదివించి వినిపిస్తాం.

అపోహ: నలుగురినీ ఒకచోట కూర్చోబెడితే చాలు, రోడ్డు మీద పడకుండా ఉంటారు.

రోడ్డు మీద పడకుండా ఉండటమూ అవసరమే. కానీ అక్కడితో ఆగితే దక్కేది అంతే. అమెరికాలో ఫెడరల్ నిధులతో నడిచే ఇలాంటి కేంద్రాల మీద 2005లో వచ్చిన మదింపులో, పిల్లలు అక్కడ భద్రంగా ఉన్నామనుకున్నారు గానీ చదవడంలో మెరుగుదల కనబడలేదు. తర్వాత 2010లో డర్లాక్, వైస్‌బర్గ్ అనే పరిశోధకుల బృందం అరవైకి పైగా కార్యక్రమాలను జల్లెడ పట్టింది. ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా నేర్పడం, పిల్లలే చేసి నేర్చుకోవడం, దానికంటూ టైమ్ కేటాయించడం, ఏం నేర్పుతున్నారో స్పష్టత ఉండటం. ఈ నాలుగూ ఉన్నచోటే ఫలితాలొచ్చాయి.

మా దగ్గర మొదటి పావుగంట తిండికే. మధ్యాహ్న భోజనం ఎప్పుడో ఒంటిగంటకి తిన్న కడుపులు. ఉడకబెట్టిన గుడాలో, పల్లీలో, అరటిపండో పెడతాం. ఆ పావుగంట ఎగ్గొడితే తర్వాతి గంట దండగే. తిన్నాక చదువు, లెక్కలు, చివర్లో ఆట. రోజూ అదే వరస, చెప్పేది రోజూ అదే అక్క.

దాతలకు నచ్చనిది ఈ చివరి మాటే. అక్క జీతానికి డబ్బు పుట్టదు, బ్యాగులకు పుడుతుంది. మా బస్తీలో ఒక్కొక్కరికి రెండు మూడు బ్యాగులున్నాయి, అన్నిటి మీదా ఏదో ఒక కంపెనీ బొమ్మ. ఒక శనివారం వచ్చి ఫొటోలు దిగి వెళ్లే ఇరవై మంది కన్నా వారంలో మూడు రోజులు తప్పక వచ్చే డిగ్రీ అమ్మాయి ఒక్కతే నయం.

అపోహ: ఆడపిల్లలకి ఆసక్తి లేదు, అందుకే మానేస్తారు.

ఆసక్తి సంగతి తర్వాత, ముందు నీళ్ల రోజు ఏదో కనుక్కోండి. చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నీళ్లు సాయంత్రం వదిలే గల్లీల్లో ఆ రోజు ఆడపిల్లలెవరూ రారు, బిందెల దగ్గర ఉంటారు. హాజరు పట్టీ నీళ్ల టైముతో కలిపి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది చంటిపిల్లలు. "అక్కా, తమ్ముణ్ణి తోల్కరావొచ్చా?" అని అడిగిన అమ్మాయికి వద్దంటే ఆమె రేపట్నుంచి రానట్టే. రమ్మనండి. మూలన చాప, నాలుగు గిన్నెలు, కాసిని బ్లాకులు పడేయండి, గోలైనా సరే. మూడోది చీకటి. చలికాలంలో ఆరింటికే మసకబడుతుంది కాబట్టి గల్లీల వారీగా గుంపులు చేసి పంపుతాం. తలుపుకి గొళ్లెమున్న మరుగుదొడ్డి లేకపోతే పెద్దమనిషైన పిల్ల రాదు. దీనికి కౌన్సెలింగ్ అక్కర్లేదు, గొళ్లెం కావాలి.

అపోహ: పద్నాలుగు దాటిన మగపిల్లలు చేయి దాటిపోయినట్టే.

వైట్‌నర్ పీల్చేవాళ్లు, గుట్కా నమిలేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ ఎక్కువమంది మాయమయ్యేది ముహూర్తాల రోజుల్లో, ఫంక్షన్ హాల్‌లో కేటరింగ్‌కి. రాత్రి ఒంటిగంట దాకా ప్లేట్లు మోస్తే నాలుగైదొందలు వస్తాయి, మర్నాడు బడి పోతుంది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇలాంటి పనుల్లో పెట్టుకోవడం నేరం. ఆ పైవాళ్లకి ప్రమాదకరమైన పనులే నిషేధం. కాబట్టి పదిహేనేళ్లవాడితో "మానెయ్" అనడం కన్నా "పరీక్షల ముందు నెల వద్దురా" అని బేరమాడటం పనికొస్తుంది. క్యారమ్ బోర్డూ కబడ్డీ కోర్టూ ఉంటే వస్తారు, వచ్చినవాణ్ణి పాఠానికి కూర్చోబెట్టడం తర్వాతి మాట.

అపోహ: బడి టీచర్లకి మేం పోటీ.

కాము. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు, వాళ్ల ఆదాయానికి మేం అడ్డొచ్చేదీ లేదు. హెడ్‌మాస్టర్‌తో నెలకోసారి కూర్చుంటే చాలు, ఎవరు బడికి రావట్లేదో ఇద్దరికీ తెలుస్తుంది.

అపోహ: మంచి మనసుంటే ఎవరైనా నడపొచ్చు.

రోజూ చూసే అక్కకి పిల్లలు ఇంట్లో చెప్పనివి చెప్తారు. అప్పుడేం చేయాలో ముందే తెలిసి ఉండాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, జరగబోతోందని అనుమానమున్నా సరే, పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం కింద తప్పనిసరి. "ఇంటి పరువు" అని దాచిపెట్టే వెసులుబాటు మనకు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లల కళ్లకి అందే ఎత్తులో రాయండి. పెద్దవాళ్లెవరూ ఒక పిల్లతో తలుపేసుకుని కూర్చోకూడదు, అది నేనైనా సరే.

అపోహ: వేసవిలో బడికి సెలవు, సెంటర్‌కీ సెలవు.

ఏప్రిల్ చివర్లో మూసిన బడి జూన్ రెండో వారానికి గానీ తెరవరు. మధ్యాహ్న భోజనమూ ఉండదు, అమ్మానాన్నల పని మాత్రం ఆగదు. కొందరు పాలమూరు వైపు ఊళ్లకి పోతారు, మిగిలినవాళ్లు రోజంతా గల్లీలోనే. మేలో రేకుల గదిలో సాయంత్రం కూర్చోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నడుపుతాం. తిండి రెండింతలు, చదువు సగం. జూన్‌లో మళ్లీ అక్షరాలూ కథా ఉన్న ఆ కాగితం చేతికిచ్చి ఎవరెక్కడున్నారో చూస్తాం.