మంచు తోసే ట్రాక్టరుకు ఏం తగిలించాలి?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి పొడుచుకుపోయినట్టుండే కీవినా ద్వీపకల్పం ఉంది. చలికాలంలో కెనడా వైపు నుంచి వీచే గాలి ఇంకా గడ్డకట్టని సరస్సు మీదుగా వస్తూ వేడినీ తేమనూ పీల్చుకుంటుంది. ఒడ్డుకు చేరి, అక్కడి గుట్టల మీదుగా పైకి లేస్తూ ఆ తేమనంతా మంచుగా కురిపించేస్తుంది. 1978–79 చలికాలంలో అక్కడ 390.4 అంగుళాల మంచు కురిసింది. అంటే దాదాపు పది మీటర్లు! అలాంటి చోట రోడ్డు నుంచి 300 మీటర్లు లోపలికి ఉన్న ఇంటికి కంకర బాట ఒక్కటే దారి. స్కూలు బస్సు అందుకోవాలన్నా, అర్ధరాత్రి అంబులెన్స్ రావాలన్నా ఆ బాట తెరిచి ఉండాల్సిందే. అందుకే అక్కడ చాలా ఇళ్లలో చిన్న ట్రాక్టరు ఉంటుంది. దానికి ఏ పరికరం తగిలించాలన్నదే అసలు ప్రశ్న.

ముందు బరువు లెక్క చూద్దాం. 300 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు ఉన్న బాట మీద ఒక రాత్రి 30 సెంటీమీటర్ల మంచు పడితే అది 315 ఘనపు మీటర్లు. కొత్తగా పడిన మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. 100 అనుకుంటే మొత్తం 31 టన్నుల పైమాటే, అంటే పది ట్రాక్టర్ ట్రక్కుల ఇసుకంత బరువు. అదే మంచు నాలుగు రోజులు ఉండి అణిగితే ఘనపు మీటరుకు 200, 300 కిలోలకు చేరుతుంది. మొత్తం బరువు పెరగదు కానీ, అంతే బరువు తక్కువ చోటులో గట్టిపడి కూర్చుంటుంది.

దీన్ని కదిలించడానికి కొనేవాళ్లు సాధారణంగా హార్స్‌పవర్ అడుగుతారు, మంచును తోసే ఇనుప పలక, అంటే బ్లేడు, వెడల్పు అడుగుతారు. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. ఇంజన్ శక్తి మంచును చేరేది టైర్ల ద్వారానా, షాఫ్టు ద్వారానా? మిగతా నిర్ణయాలన్నీ దీని వెనకే వస్తాయి.

బ్లేడు పని టైర్లది. పొడి తారు రోడ్డు మీద టైరు పట్టు, అంటే ఘర్షణ గుణకం, 0.7 దాకా ఉంటుంది. అణిగిన మంచు మీద అది 0.2, 0.3కి పడిపోతుంది. గట్టి ఐసు మీద 0.1 దక్కడం కూడా కష్టమే. నాలుగు చక్రాలూ తిరిగే 1,500 కిలోల ట్రాక్టరు మంచు మీద తోయగలిగేది మహా అయితే 450 కిలోల బలంతో. ఇంజన్ 25 హార్స్‌పవర్ అయినా, 50 అయినా ఈ హద్దు మారదు. టైరు జారడం మొదలయ్యాక మిగిలిన శక్తి అంతా చక్రం తిరగడానికే ఖర్చవుతుంది.

ఇప్పుడు 1.8 మీటర్ల బ్లేడును తిన్నగా పెట్టి తోశామనుకోండి. 30 సెంటీమీటర్ల మంచులో ప్రతి మీటరుకూ 54 కిలోలు ముందు పోగవుతాయి. పది మీటర్లు వెళ్లేసరికి అర టన్ను దాటుతుంది. కాసేపటికి ట్రాక్టరు ఉన్నచోటే చక్రాలు తిప్పుతూ నిలబడిపోతుంది. అందుకే పొడవైన బాటకు బ్లేడును ఏటవాలుగా, 30 డిగ్రీల దాకా తిప్పి వాడతారు. మంచు ముందు పోగుపడకుండా పక్కకు దొర్లిపోతూ ఉంటుంది. ఇదే కారణంగా, రెండు పక్కలా గోడలున్న బాక్సులాంటి పుషర్ పార్కింగ్ స్థలాలకు బాగుంటుంది గానీ 300 మీటర్ల బాటకు పనికిరాదు. వెనక పరికరాలను మూడు చోట్ల పట్టి ఉంచే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించే బ్లేడు అన్నిటికన్నా చవక. ముందు బ్లేడుకు ఖర్చు ఎక్కువే కానీ, ట్రాక్టరు తొక్కక ముందే మంచు తొలగుతుంది, మెడ వెనక్కి తిప్పే బాధ తప్పుతుంది.

మన ఊళ్లలో రోటావేటర్ నడిపినవాళ్లకు స్నో బ్లోయర్ సంగతి చప్పున అర్థమవుతుంది. రెండూ పీటీఓ షాఫ్టు మీదే తిరుగుతాయి. ఇంజన్ శక్తిని నేరుగా పరికరానికి అందించే, ట్రాక్టరు వెనక ఉండే ఆ షాఫ్టుకు నిమిషానికి 540 చుట్లనేది ఇక్కడా అక్కడా ఒకటే ప్రమాణం. బ్లోయర్‌లో ముందుండే మర అడ్డంగా తిరుగుతూ మంచును కొరికి మధ్యకు లాగుతుంది, వెనకున్న ఫ్యాను రెక్కలు దాన్ని గొట్టంలోంచి దూరంగా విసురుతాయి. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ ఇలాంటి యంత్రాన్ని 1920లలో తయారు చేసి, 1927లో మాంట్రియల్ పక్కనున్న అవుట్రమాంట్ పట్టణానికి అమ్మాడు.

విసరడానికి ఎంత శక్తి కావాలో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరితే టన్నుకు దాదాపు 112 కిలోజౌల్స్. మన 31 టన్నులకు కలిపి సుమారు ఒక యూనిట్ కరెంటు, అంతే! మంచును కొరకడంలో, గొట్టం గోడలకు రాసుకోవడంలో పోయేది దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా ఆ శక్తి టైర్ల మీద ఆధారపడదు. టైర్లు ట్రాక్టరును గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా జరిపితే చాలు. ఆ వేగంతో 300 మీటర్ల బాట మీద రెండు పట్టీలుగా పోయి రావడానికి 20 నిమిషాలు పడుతుంది. బ్లేడు అంతకన్నా వేగంగా వెళ్తుంది, కానీ 15 సెంటీమీటర్లు పడినప్పుడల్లా బయటికి వెళ్లాలి. అర మీటరు పడేదాకా ఆగితే బ్లేడు చేతులెత్తేస్తుంది.

బ్లోయర్‌కు లోపాలు లేకపోలేదు. నీళ్లోడే తడి మంచు గొట్టంలో ఇరుక్కుంటుంది. కంకర రాయి మరలో పడితే షియర్ బోల్టు తెగుతుంది (గేర్‌బాక్సును కాపాడటానికే అది తెగేలా పెడతారు, దాని స్థానంలో గట్టి బోల్టు బిగించడం చాలా ఖరీదైన పొరపాటు). వెనక తగిలించే రకమైతే 300 మీటర్లూ రివర్సులో నడపాలి. గొట్టం ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, అన్నీ తిరగడం ఆగాక, కర్రతోనే తీయాలి. చెయ్యి పెట్టొద్దు. ఈ తొందరలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

కానీ బ్లేడుకు ఉన్న లోపం సీజన్ మధ్యలో గానీ బయటపడదు. అది మంచును పక్కకు జరుపుతుందే తప్ప దూరంగా పంపదు. అలా పక్కన పేరుకున్న గట్లు మర్నాటికి రాయిలా మారతాయి, చలి మాత్రమే కారణం కాదు. సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్న ఐసు కూడా తన ద్రవీభవన స్థానానికి చాలా దగ్గరలో ఉన్నట్టే. కెల్విన్ లెక్కలో 273కి గాను 263. ఇనుము అంత దగ్గరికి రావాలంటే 1,470 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. అందువల్ల ఐసు అణువులు అంత చలిలోనూ కదులుతూనే ఉంటాయి. రెండు రేణువులు ఆనుకున్న చోట చేరి మెడలాంటి అతుకు కడతాయి. దీన్నే సింటరింగ్ అంటారు. బ్లేడు తోసినప్పుడు రేణువులు చిన్నగా చితికి దగ్గరగా సర్దుకుంటాయి, ఆనుకునే చోట్లు పెరిగి అతుకులు వేగంగా పడతాయి. అందుకే ఒకసారి కదిపిన మంచును మళ్లీ కదపడం కష్టం. రోడ్డు మీద మంచు తోసే మున్సిపల్ బండి (ప్లౌ) బాట మొదట్లో వదిలిపోయే గట్టు అంత మొండిగా ఉండేదీ అందుకే. దానికి బకెట్ ఉన్న లోడరే దిక్కు, అదీ ఆ పూటే.

గట్లతో ఇంకో చిక్కు. గాలి వాటిని దాటగానే నెమ్మదిస్తుంది, మోసుకొస్తున్న మంచును అక్కడే, అంటే బాట మీదే దించేస్తుంది. బ్లోయర్ విసిరింది పలచగా దూరంగా పడుతుంది కాబట్టి ఈ బెడద తక్కువ. కీవినాలో రాలే మంచు ఎక్కువగా తేలికగా, పొడిగా ఉంటుంది. అక్కడ పొడవైన బాటకు నేనైతే బ్లోయర్, ముందు లోడర్ బకెట్ అనే చెబుతాను. చలికాలమంతా కలిపి మీటరు మించి పడని చోట్ల, తడి మంచు పడే తీర ప్రాంతాల్లో వెనక బ్లేడు సరిపోతుంది, డబ్బు మిగులుతుంది. వెడల్పు మాత్రం ఏదైనా సరే ట్రాక్టరు టైర్ల బయటి అంచుల కన్నా తక్కువ ఉండకూడదు.

పరికరం కన్నా ముందు టైర్లకు గొలుసులు, వెనక బరువు కొనాలి. మన రైతులు పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపుతారు. అక్కడ నీళ్లు గడ్డకడతాయి కాబట్టి కాల్షియం క్లోరైడ్ ద్రావణమో, బీట్‌రూట్ జాతి చక్కెర దుంపల రసంతో చేసిన ద్రవమో పోస్తారు. తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా ఓజా ట్రాక్టర్లు 2023లో వచ్చినప్పుడు అమెరికా మార్కెట్‌ను కూడా లెక్కలో పెట్టుకున్నారు. అలాంటి తేలిక ట్రాక్టర్లకు ఈ అదనపు బరువు మరీ ముఖ్యం.

కంకర బాట అయితే తొలి మంచును తీయకుండా తొక్కి గడ్డకట్టనివ్వాలి, ఆ పొర రాళ్లను పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత బ్లేడును నేలకు ఆననివ్వకుండా కింద ఉండే స్కిడ్ షూలను సర్ది బ్లేడు అంచు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండేలా చూసుకోవాలి. నేల గడ్డకట్టక ముందే, అక్టోబరులోనే, బాట అంచుల వెంట గుర్తు కర్రలు పాతాలి. గాలి వచ్చే వైపు ఖాళీ పొలం ఉంటే సగం ఖాళీలుండే మంచు కంచె కూడా వేయొచ్చు. దాని వెనక మంచు కుప్ప కంచె ఎత్తుకు 35 రెట్ల దూరం దాకా పరుచుకుంటుంది కాబట్టి 1.2 మీటర్ల కంచెను బాటకు 40 మీటర్ల పైన దూరంలో పెట్టాలి. మరీ దగ్గర పెడితే ఆ కుప్ప బాట మీదికే వస్తుంది.